బ్రయాన్ డబ్బు: ఎగతాళి కోసం చేసిన డాలర్లు

పిల్లలూ,

తాతయ్య చెల్లని అమెరికా డబ్బు పోగేస్తున్నాడని మీరు నవ్వుకుంటున్నారట, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చెల్లని మాట నిజమే. కాకపోతే ఒకప్పుడు చెలామణీ అయ్యి తర్వాత పనికిరాకుండా పోయినవి కావివి, మొదటి నుంచీ చెల్లకూడదనే చేసినవి. 1896 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఒక మనిషిని వెక్కిరించడానికి తయారైన బిళ్ళలు. నాణేల పిచ్చి ఉన్నవాళ్ళు వీటిని ‘బ్రయాన్ మనీ’ అంటారు.

ఆ మనిషి విలియం జెన్నింగ్స్ బ్రయాన్, నెబ్రాస్కా నుంచి వచ్చిన డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి, అప్పటికి వయసు 36. ఆయన ఏమడిగాడో తెలియకపోతే బిళ్ళ మీద జోకు అర్థం కాదు, అందుకని కాస్త ఓపిక పట్టండి. అప్పట్లో అమెరికా డాలరు బంగారంతో ముడిపడి ఉండేది. బంగారం సరిపడా లేదు కాబట్టి చేతులు మారే డబ్బూ సరిపోయేది కాదు, ధరలు ఏటికేడు దిగిపోతుండేవి. ధరలు దిగితే మంచిదే కదా అంటారేమో. కొనేవాడికి మంచిదే, అప్పు తెచ్చి గోధుమ వేసిన రైతుకి మాత్రం కాదు, ఎందుకంటే అప్పు ఒక్క డాలరు కూడా తగ్గదు, పంటకి వచ్చేది మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. దానికి తోడు 1893లో బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. బ్రయాన్ అన్నదేంటంటే, 1873కి ముందులాగా ఎవరు వెండి తెచ్చినా టంకశాలలో డాలర్లు చేసివ్వండి, 16 పాళ్ళ వెండికి ఒక పాలు బంగారం అని లెక్క కట్టండి, అప్పుడు జనం చేతిలో డబ్బు ఆడుతుంది అని. మనుషుల్ని బంగారు సిలువకు కొట్టనివ్వం అంటూ ఆ ఏడాది జూలై 9న షికాగో సభలో ప్రసంగిస్తే, దాని ఊపులో మర్నాడే అభ్యర్థిత్వం ఆయన చేతికొచ్చింది.

చిక్కెక్కడంటే, బజారులో ఒక పాలు బంగారం కావాలంటే 16 కాదు, దాదాపు 32 పాళ్ళ వెండి పెట్టాలి. వెండి డాలరుని కరిగించి అమ్మితే అరడాలరు మీద కొంచెం వస్తుంది, అంతే. వెండి ఇంతగా పడిపోవడంలో మన దేశం పాత్ర కూడా ఉంది తెలుసా! ఎవరైనా వెండి తీసుకెళ్తే రూపాయలుగా మార్చి ఇచ్చే పద్ధతి ఇక్కడి టంకశాలల్లోనూ ఉండేది, 1893 జూన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది, ఆ దెబ్బకి వెండి ధర ఇంకా కూలింది. మీ నాయనమ్మ పెట్టెలో ఉన్న విక్టోరియా రూపాయి ఈసారి చూసినప్పుడు నెబ్రాస్కా రైతుని కూడా ఒకసారి తలుచుకోండి.

ఇక బిళ్ళల సంగతి. వీటిలో రెండు రకాలు. మొదటిది పెద్దమనిషి తరహా. గోరమ్, టిఫనీ అనే పేరుమోసిన వెండి కంపెనీలు అసలు వెండితోనే చేశాయి. గోరమ్ బిళ్ళ చూడాలి మీరు, గారె అంత ఉంటుంది. మధ్యలో ఒక వలయం, ప్రభుత్వ డాలరు సైజు ఇంతే అని చూపించడానికి. ప్రభుత్వ డాలరులో 412.5 గ్రెయిన్ల వెండి, ఈ బిళ్ళలో 823 గ్రెయిన్లు, అంటే దాదాపు 53 గ్రాములు, 1896 సెప్టెంబరు 16 నాటి ధరకి ఒక బంగారు డాలరుతో సమానం అని దాని మీదే రాసి ఉంటుంది. బ్రయాన్ డాలరు నిజాయితీగా ఉండాలంటే ఇంత లావు ఉండాలి, జేబులో పెట్టుకుని తిరుగు చూద్దాం అని దెప్పడం. తిట్టు ఒక్కటీ లేదు, మొత్తం లెక్కే!

రెండో రకం ఊరి రచ్చబండ తరహా. సీసం, ఇనుము, అల్యూమినియం, ఏది దొరికితే దానితో చేసేశారు, కొన్ని అరచెయ్యి అంత ఉంటాయి. ‘యునైటెడ్ స్నేక్స్ ఆఫ్ అమెరికా’ అని ఒకదాని మీద, పాములన్నమాట. అసలు డాలర్ల మీద ‘దేవుణ్ణి నమ్ముతున్నాం’ అని ఉంటుంది కదా, వీటిలో కొన్నిటి మీద ‘మిగతా 47 సెంట్ల కోసం దేవుణ్ణి నమ్ముతున్నాం’ అని ఉంటుంది. డాలరంటే వంద సెంట్లు, అందులో వెండి విలువ పోగా మిగిలినదానికి దేవుడే దిక్కని వెక్కిరింపు. నాకు ఇవే ఇష్టం. వెండివి అందంగా ఉంటాయి గానీ వాటిలో కొంచెం పొగరు కనిపిస్తుంది.

ఒక్కటి గమనించండి. బ్రయాన్ మనీలో ఎక్కువ భాగం బ్రయాన్‌ని వెక్కిరించేదే. డబ్బున్నవాళ్ళు అటు వైపు ఉన్నారు మరి. బ్రయాన్ మీద రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడ్డ మెకిన్లీ ప్రచారం నడిపిన మార్క్ హానా 35 లక్షల డాలర్ల దాకా పోగుచేశాడంటారు. బ్రయాన్ దగ్గర అంత లేక రైలెక్కి 18,000 మైళ్ళు తిరిగి, దాదాపు 600 ప్రసంగాలు చేశాడు. ఓడిపోయాడు, మెకిన్లీకి 271 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల వారీగా లెక్కపెట్టే ఓట్లు), బ్రయాన్‌కి 176. 1900లో మళ్ళీ అదే మెకిన్లీ మీద పోటీ, మళ్ళీ ఓటమి, మళ్ళీ బిళ్ళలు. గోరమ్ లెక్కలో తప్పు లేదు, నేను కూడా వేసి చూశాను. కానీ అప్పులో మునిగిన రైతు గోడు ఆ బిళ్ళల మీద మీకు ఎక్కడా కనిపించదు. నా దగ్గర ఉన్నవాటితోనే ఆ ఎన్నికలు తెలిసిపోయాయని నేను అనుకోకపోవడానికి కారణం అదే.

కొనాలని సరదా పుడితే సీసం బిళ్ళతో మొదలుపెట్టండి, వెండివి మీ పాకెట్ మనీకి అందవు. మెరవాలని చింతపండుతో తోమారో, దాని విలువ అక్కడికక్కడే పోయినట్టు. సీసం పట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పోత పోసినట్టుంది కాబట్టి నకిలీ అని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి, ఈ చౌక రకంలో అసలువీ చాలా వరకు పోతవే. ఇప్పుడు అమెరికాలో చేసే నకలు నాణేల మీద ‘కాపీ’ అని ఉండాలని 1973 నుంచి చట్టం ఉంది, అది చూసుకోండి, అలాగని ఆ అక్షరాలు లేనంత మాత్రాన అసలుదని కాదు. 1926లో ఫారన్ జెర్బ్ అనే ఆయన వీటన్నిటికీ నంబర్లు ఇచ్చి జాబితా వేశాడు. ఇది చాలా అరుదైనది సార్ అని అమ్మేవాడు మొదలెడితే జెర్బ్ నంబరు ఎంత అని అడగండి. తడుముకున్నాడంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీ
తాతయ్య