చెవి ముందున్న కీలు

మా మామకు కావలి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పోయిన ఎండాకాలం ఆయనకు ఎడమ చెవిలో పోటు మొదలైంది. అత్త వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు వేసింది, తగ్గలేదు. చెవి డాక్టరు లైటు వేసి చూసి, చెవిలో ఏమీ లేదన్నాడు. నెల్లూరులో ఒకచోట వెనక పన్ను పీకించుకున్నాడు. పన్ను పోయింది గానీ పోటు ఉన్నచోటే ఉంది. చివరికి ఇంకో పళ్ళ డాక్టరమ్మ ఆయన చెవుల ముందు చెరో వేలూ ఆనించి, నోరు తెరిచి మూయమంది. వేలి కింద టక్కుమంది. అప్పుడు ఆమె అడిగిన మాట మామకు వింతగా తోచింది.

"ఇప్పుడు మీ పై పళ్ళూ కింది పళ్ళూ తగులుతున్నాయా?"

"నోరు మూస్తే తగలకుండా ఎట్టా ఉంటాయమ్మా?"

ఉండాలి. పెదాలు కలిసి ఉన్నా పళ్ళ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండటమే దవడకు విశ్రాంతి. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ పళ్ళు క్షణకాలం తగులుతాయి, అంతే. రోజు మొత్తం కూడినా నిమిషాల్లో తేలే లెక్క అది. ఒంగోలు గిత్త రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుందంటే, దాని దవడ కీలు అందుకు తగ్గట్టు పక్కలకు వదులుగా కదులుతుంది. మన దవడకు ఆ పని అప్పగించలేదు.

చెవి తమ్మెకు కాస్త పైన, ముందు వైపు వేలు పెట్టి నోరు తెరిచి చూడండి. కదిలే గుబ్బ కింది దవడ ఎముక కొన. దానికీ పుర్రెలోని గుంటకూ మధ్య, నడుమ నలిగిన చిన్న దిండులాంటి మెత్త ఒకటి ఉంటుంది. మోకాలు ప్రధానంగా మడత కీలు. ఇది మాత్రం రెండు పనులు చేస్తుంది: మొదట తలుపులా తిరుగుతుంది, నోరు ఇంకా తెరిస్తే సొరుగులా ముందుకు జారుతుంది. పైగా కుడి కీలూ ఎడమ కీలూ ఒకే ఎముకకు రెండు కొసలు, ఒకే కాడికి కట్టిన ఎడ్లు. ఒకటి కుంటితే రెండోది తిన్నగా నడవలేదు.

ఆ మెత్త తన చోటు తప్పి ముందుకు జారినప్పుడు, నోరు తెరిచే సమయంలో ఎముక మళ్ళీ దాని మీదికి ఎక్కుతుంది. ఆ చప్పుడే టక్కు. నొప్పి లేకుండా టక్కుమంటే వైద్యం అక్కర్లేదు. అలాంటివాళ్ళు చాలామందే ఉంటారు. మెత్త వెనక్కి రాకుండా అడ్డుపడితే మాత్రం నోరు సగమే తెరుచుకుంటుంది, దవడ ఆ పక్కకు లాగుతుంది. మామూలుగా మన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. ఇంకో రకం గొడవ ఆవులింతతో వస్తుంది: ఎముక తన గుంట ముందున్న గట్టు దాటి ముందుకు దూకేసి, నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. డాక్టరు బొటనవేళ్ళతో కింది దంతాలను అదిమి, దవడను కిందికీ వెనక్కీ నెడతారు. 2,000 ఏళ్ళకు పైబడిన గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఇంచుమించు ఇదే పద్ధతి ఉంది. ఇంట్లో గడ్డం మీద గుద్ది సరిచేయాలని చూడకండి.

అయితే మామ నొప్పి ఎక్కువగా కీలుది కాదు, కండరాలది. ఎక్కువమంది విషయంలో జరిగేది ఇదే. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం తేలిపోతుంది. రెండు నెలలు ఆయన గట్టు మీద కుర్చీలోనే రాత్రులు గడిపాడు. బాధను 'పంటి బిగువున' ఓర్చుకోవడం అంటాం కదా, ఆయన అక్షరాలా అదే చేశాడు. గంటల తరబడి బిగిసిన కండరం అలసి నొప్పెడుతుంది. చెవి ముందు భాగానికీ, పళ్ళకూ, దవడకూ కబురు మోసే నరం ఒకటే కాబట్టి, నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. ఒక మంచి పన్ను అట్టా బలైంది.

ఇలాంటి పొరపాటు వైద్యశాస్త్రమూ పెద్ద ఎత్తున చేసింది. 1934లో అమెరికాలో కాస్టెన్ అనే చెవి వైద్యుడు ఈ బాధలను ఒకచోట చేర్చి, నెపం పళ్ళ అమరిక మీద పెట్టాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఎందరికో పళ్ళు అరగదీశారు. 1980లలో మెత్త తీసేసి టెఫ్లాన్ పూత ఉన్న ముక్కలు అమర్చారు. అవి నలిగి పొడై ఎముకనే తినేయడంతో 1990ల మొదట్లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ముందుగా చెప్పేది వ్యాయామం, మర్దన, టెన్షన్ తగ్గించుకునే శిక్షణ. 'పళ్ళన్నీ అరగదీసి లెవెల్ చేద్దాం' అని ఎవరైనా అంటే, ఇంకో డాక్టరుకు చూపించుకోకుండా కుర్చీ ఎక్కకండి.

మామకు డాక్టరమ్మ చెప్పినవి చిన్న పనులే. రోజుకు రెండు పూటలా పావుగంట వేడి కాపడం. కొన్ని వారాలు చెరకు, అరిసెలు, జంతికలు బంద్. చేపల పులుసు అన్నానికి అభ్యంతరం లేదు. ఆవులింత వస్తే గడ్డం కింద చెయ్యి. నాలుక కొన 'ల' అనబోతున్నట్టు పై పళ్ళ వెనక ఆనించి ఉంచితే పళ్ళు వాటంతటవే విడతాయి. మోటారు స్టార్టరు డబ్బా మీద ఎర్ర స్టిక్కరు అంటించుకోమంది, అది కంటపడ్డప్పుడల్లా పళ్ళు వదలాలి. రాత్రి పెట్టుకునే తొడుగు పళ్ళు అరగకుండా కాపాడుతుంది గానీ, బిగించే అలవాటును మాన్పించదు.

దవడ బిగిసిన ప్రతిసారీ ఇదేనని సరిపెట్టుకోకూడదు. గుట్కా, వక్క నమిలేవాళ్ళకు నోట్లో మంట పుట్టి, నోరు నెలనెలా చిన్నదైపోతుంటే అది వేరే జబ్బు, క్యాన్సర్‌కు దారితీయగలదు. గాయమైన కొద్ది రోజులకు దవడ బిగిస్తే ధనుర్వాతం కావచ్చు. చెమటలతో, ఛాతీ బరువుతో దవడ లాగితే గుండె సంగతి, పళ్ళ డాక్టరు దగ్గరికి కాదు పరుగెత్తాల్సింది.

మూడు నెలలకు మామ పోటు తగ్గింది. స్టిక్కరు ఎండకు తెల్లబడింది. టక్కు మాత్రం పోలేదు; సంక్రాంతికి అరిసె కొరికితే పక్కన కూర్చున్న నాకూ వినిపించింది.