రన్ చేస్తేనే గెలుస్తామా? అమెరికన్ ఫుట్‌బాల్: అపోహలు - వాస్తవాలు

డాలస్ శివార్లలో ఒక హైస్కూల్ టీమ్‌కి వీడియో, స్టాట్స్ చూసే పని నాది. ప్రతి ప్లే ఏ డౌన్‌లో (పది యార్డులు ముందుకెళ్లడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కోటీ ఒక డౌన్), ఎన్ని యార్డులు కావాల్సినప్పుడు, స్కోరు ఎంత ఉండగా ఆడారో రాసి కోచ్‌లకి ఇస్తాను. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మన తెలుగు పిల్లలు ఇప్పుడు స్కూల్ టీముల్లో బాగానే కనిపిస్తున్నారు. శుక్రవారం రాత్రి వాళ్ల అమ్మానాన్నలు స్టాండ్స్‌లో ఉంటారు. మ్యాచ్ అవగానే నా దగ్గరికి వచ్చి అడిగేది ఎక్కువగా ఒకటే ప్రశ్న: "రన్ బాగా చేసిన రోజు గెలుస్తున్నాం కదన్నా, మరి ఆ పాసులెందుకు?" రన్ అంటే బంతి పట్టుకుని పరిగెత్తడం, పాస్ అంటే ముందుకు విసరడం. విడివిడిగా చెప్పి చెప్పి, ఒకసారి రాసి పెడదామనిపించింది.

అపోహ: వంద యార్డులు రన్ చేసిన టీమ్ గెలుస్తుంది. కాబట్టి గెలవాలంటే రన్ చేయాలి.

మొదటి వాక్యం చాలావరకు నిజం. రెండోది తప్పు. ఈ ఒక్క పొరపాటు వల్ల పోయినన్ని మ్యాచ్‌లు మిగతా అపోహలన్నీ కలిపినా పోలేదని నా అభిప్రాయం.

ముందంజలో ఉన్న టీమ్ మూడు, నాలుగు క్వార్టర్లలో ఏం చేస్తుంది? గడియారం ఆగకుండా ఉండటానికి రన్ చేస్తుంది. పాస్ చేతికి అందకపోతే గడియారం ఆగిపోతుంది కాబట్టి పాస్ మానేస్తుంది. వెనకబడిన టీమ్‌కి టైమ్ లేదు, అది పాస్ మీద పాస్ వేస్తుంది. చివర్లో గెలిచిన టీమ్ క్వార్టర్‌బ్యాక్ (పాసులు వేసే ఆటగాడు) టైమ్ గడపడానికి నేలకి మోకాలు ఆనిస్తే ఆ నీల్ డౌన్లు కూడా రన్ ప్రయత్నాల లెక్కలోనే పడతాయి. ఆట అయ్యాక షీట్ చూస్తే గెలిచినవాళ్లకి రన్‌లు ఎక్కువ, ఓడినవాళ్లకి పాసులు ఎక్కువ. కాలేజీ స్టాట్స్‌లో అయితే ఇంకో మెలిక ఉంది. అక్కడ సాక్ (పాస్ వేసేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) వల్ల పోయిన యార్డులు క్వార్టర్‌బ్యాక్ రన్ లెక్కలోంచి తీసేస్తారు. వెనకబడి పాసులు వేస్తూ సాక్‌లు తిన్న టీమ్‌కి, పాపం, రన్ యార్డులు ఇంకా తక్కువగా కనబడతాయి. పంట బాగా పండిన ఏడు ఇంట్లో పెళ్లి ఘనంగా చేస్తారు. పెళ్లి ఘనంగా చేస్తే పంట పండదు.

ఒక మ్యాచ్ గురించి చెప్పాలి. హాఫ్ టైమ్‌కే మేము మూడు టచ్‌డౌన్లు పైన ఉన్నాం. మూడూ పాసుల మీద వచ్చినవే. రెండో సగమంతా రన్ చేసి టైమ్ లాగించాం, నాలుగో క్వార్టర్‌లో మా రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తే ఆటగాడు) వంద యార్డులు దాటాడు. మర్నాడు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట, "రన్ గేమ్ గెలిపించింది" అని. ఆ మాట అటూ ఇటూ తిరిగి కోచింగ్ రూమ్ దాకా వచ్చింది. తర్వాతి వారం ప్రతి సిరీస్‌లో (బంతి మా చేతికి వచ్చిన ప్రతిసారీ) ఫస్ట్ డౌన్ రన్నే. రెండు యార్డులు, ఒక యార్డు, మూడు యార్డులు. సెకండ్ అండ్ ఎయిట్‌లో (రెండో డౌన్, ఇంకా ఎనిమిది యార్డులు కావాలి) పాస్ వస్తుందని ఎదుటి డిఫెన్స్‌కి ముందే తెలుసు. మా క్వార్టర్‌బ్యాక్ పదహారేళ్ల పిల్లాడు, ఆ రాత్రంతా లేచి పడుతూనే ఉన్నాడు. ఓడిపోయాక నింద కూడా వాడి మీదే పడింది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇది హైస్కూల్ సంగతి అనుకుంటే ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్)లో మన డాలస్ టీమ్ కౌబాయ్స్‌నే చూడండి. 2014లో డిమార్కో మర్రే 1,845 యార్డులు రన్ చేసి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు, టీమ్ 12-4 (పన్నెండు గెలుపులు, నాలుగు ఓటములు). ఆ తర్వాత మర్రే ఈగిల్స్‌కి వెళ్లిపోయాడు. 2015లో కౌబాయ్స్ 4-12. "చూశారా, రన్ పోయింది, టీమ్ పోయింది" అని ఇక్కడ ఇప్పటికీ అంటారు. కానీ రన్ ఎక్కడికీ పోలేదు. 2015లో డారెన్ మెక్‌ఫాడెన్ 1,089 యార్డులు చేశాడు, ఒక్కో రన్‌కి సగటున 4.6 యార్డులు. మర్రే 2014 సగటు 4.7. పోయింది క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో. 2014లో లీగ్‌లోనే అత్యధిక పాసర్ రేటింగ్ (పాసులు ఎంత బాగా వేశాడో చెప్పే అంకె) అతనిది. 2015లో కాలర్‌బోన్ విరిగి నాలుగే మ్యాచ్‌లు ఆడాడు. అతను మొదలుపెట్టిన మ్యాచ్‌లలో కౌబాయ్స్ 3-1, అతను లేని మ్యాచ్‌లలో 1-11. పరుగు అదే, పాస్ మారింది, సీజన్ తలకిందులైంది.

ఇంకా పెద్ద లెక్క కావాలా? ఎన్ఎఫ్ఎల్‌లో ఒక సీజన్‌లో 2,000 యార్డులు రన్ చేసినవాళ్లు 2024 సీజన్ దాకా తొమ్మిదిమంది. వాళ్లలో ఆ ఏడాదే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచింది ఇద్దరే: 1998లో టెరెల్ డేవిస్, 2024లో సేక్వాన్ బార్క్‌లీ. మిగతా ఏడుగురి టీమ్‌లు ఆ సీజన్‌లో ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవలేదు. 1973లో ఓ.జె. సింప్సన్ 2,003, 2009లో క్రిస్ జాన్సన్ 2,006. ఆ రెండు టీమ్‌లు అసలు ప్లేఆఫ్స్‌కే రాలేదు. బ్యారీ శాండర్స్ అంతటివాడు 1997లో 2,053 చేస్తే లయన్స్ మొదటి రౌండ్‌లోనే ఇంటికి వెళ్లారు.

బార్క్‌లీ పేరు చెప్పి నాతో వాదించేవాళ్లకి రెండు సంగతులు. 2018లో జెయింట్స్‌కి ఆడుతూ అతను 1,307 యార్డులు చేశాడు, ఆ టీమ్ 5-11. ఈగిల్స్ 40-22తో చీఫ్స్‌ని ఓడించిన 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో అతనికి 25 రన్‌లకి వచ్చింది 57 యార్డులే. చీఫ్స్ అతన్ని ఆపడానికి మనుషుల్ని పెట్టారు, ఆపారు కూడా. ఈగిల్స్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ 22 పాసుల్లో 17 చేర్చాడు, ఈగిల్స్ డిఫెన్స్ చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని ఊపిరి తీసుకోనివ్వలేదు. బార్క్‌లీ గొప్పవాడు కాదని కాదు. ఆ సీజన్‌లో అతని ఆట నాకూ చాలా ఇష్టం. ఒక్క రన్నింగ్ బ్యాక్ వల్ల టీమ్ గెలిచిందంటేనే ఒప్పుకోను.

కారణం మామూలు లెక్కే. ఎన్ఎఫ్ఎల్‌లో సాక్‌లు తీసేశాక కూడా ఒక పాస్ ప్రయత్నానికి సుమారు ఆరు యార్డులు వస్తాయి. రన్‌కి నాలుగు పైచిలుకు. ఆ నాలుగు కూడా అప్పుడప్పుడూ పడే పొడవాటి రన్‌ల వల్ల పెరిగిన సగటు, మామూలు రన్ మూడు యార్డుల దగ్గరే ఆగుతుంది. 1978లో రూల్స్ మార్చి, ఐదు యార్డులు దాటాక రిసీవర్‌ని (పాస్ పట్టేవాడిని) డిఫెండర్ తాకకూడదన్నారు, లైన్‌మెన్ (ముందు వరసలో అడ్డు నిలిచేవాళ్లు) చేతులు చాచి బ్లాక్ చేయొచ్చన్నారు. అప్పటినుంచి ఈ తేడా స్థిరపడిపోయింది. ప్రతి ప్లేకి పాయింట్ల విలువ కట్టే పద్ధతి అంతకన్నా పాతది. 1971లోనే వర్జిల్ కార్టర్, రాబర్ట్ మచోల్ దాని మీద పేపర్ రాశారు. కార్టర్ అప్పుడు బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్, కాబట్టి ఇదంతా ఆట తెలియని లెక్కల మాస్టార్ల గోల అనడానికి లేదు. ఆ పద్ధతిలో ఈ రోజు ఏ సీజన్ తీసుకున్నా ఫస్ట్ డౌన్ పాస్ సగటున రన్ కన్నా మేలు.

అపోహ: ముందు రన్ స్థిరపడితేనే ప్లే యాక్షన్ (రన్ చేస్తున్నట్టు నటించి పాస్ వేయడం) పనిచేస్తుంది.

కోచ్‌లు కూడా నమ్మే మాట ఇది. 2018లో అనలిస్ట్ బెన్ బాల్డ్‌విన్ ఎన్ఎఫ్ఎల్ డేటా మీద దీన్ని పరీక్షించాడు. ఎన్నిసార్లు రన్ చేశారన్నదానికీ, ఎంత బాగా చేశారన్నదానికీ ప్లే యాక్షన్ ఫలితంతో సంబంధం కనబడలేదు. వీడియో చూస్తే ఎందుకో అర్థమవుతుంది. లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో రెండో వరస ఆటగాడు) స్కోరుబోర్డు చూసి కదలడు, గార్డు (ఎదుటి టీమ్ లైన్‌మన్) కాళ్లు చూసి కదులుతాడు. చిన్నప్పటినుంచి వాడికి నేర్పింది అదే. గార్డు రన్ బ్లాక్‌లా ముందుకొస్తే మొదటి క్వార్టర్ మొదటి ప్లేలో కూడా వాడు ఒక అడుగు ముందుకేస్తాడు. ఆ అడుగు చాలు. మొదటి సిరీస్‌లోనే ప్లే యాక్షన్ వేయండని నేను ప్రతి సీజన్‌లో అడుగుతాను.

అపోహ: పాస్ వేస్తే ఇంటర్‌సెప్షన్ (ఎదుటివాళ్లు బంతి పట్టేయడం). ఎన్ఎఫ్ఎల్‌లో నూరు పాసులకి రెండు, మూడు. రన్‌లో ఫంబుల్ (బంతి చేజారడం) అవ్వదా? హైస్కూల్‌లో ఇంటర్‌సెప్షన్లు ఎక్కువే, ఒప్పుకుంటాను. అందుకే పొట్టి పాసులు నేర్పాలి.

అపోహ: 2015 ఫిబ్రవరి సూపర్ బౌల్ చివర్లో సీహాక్స్ టచ్‌డౌన్‌కి ఒక యార్డు దగ్గర పాస్ వేయడం పిచ్చి పని. 26 సెకన్లు, ఒక్క టైమౌట్, సెకండ్ డౌన్. మిగిలిన మూడు డౌన్లూ రన్ చేయడానికి గడియారం సరిపోదు. ఆ పాస్‌ని పట్టేసిన పేట్రియాట్స్ డిఫెండర్ మాల్కమ్ బట్లర్ అద్భుతమైన ప్లే చేశాడు, అంతే.

అపోహ: అయితే ఎక్కువ పాస్ యార్డులు ఉన్న టీమే గెలుస్తుంది.

ఇది మొదటి పొరపాటుకి కవల. 2019లో జేమిస్ విన్స్టన్ 5,109 యార్డులు వేశాడు, 30 ఇంటర్‌సెప్షన్లూ ఇచ్చాడు, బకనీర్స్ 7-9. మరుసటి ఏడు అదే టీమ్‌కి టామ్ బ్రేడీ వచ్చి 4,633 యార్డులే వేశాడు, 12 ఇంటర్‌సెప్షన్లతో సరిపెట్టాడు, సూపర్ బౌల్ గెలిచారు. మొత్తం యార్డులు చూడకండి. ఒక్కో పాస్‌కి ఎన్ని వచ్చాయి, బంతి ఎన్నిసార్లు పోయింది, అది చూడండి.

అపోహ: రన్ దండగ.

నా పై మాటలు విని ఇలా అనుకునేవాళ్లూ ఉన్నారు. కాదు. ఒకటి, రెండు యార్డులు కావాల్సిన చోట పాస్ కన్నా రన్ నమ్మకమైనది. ముందంజలో ఉన్నప్పుడు గడియారం కరిగించేదీ రన్నే. 2017 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో 28-3 దాకా వెళ్లిన ఫాల్కన్స్, చివరి ఐదు నిమిషాల్లో ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవడం) దూరంలో ఉండి కూడా పాస్‌కి వెళ్లి సాక్ అయ్యి, ఆ వెంటే పెనాల్టీ తెచ్చుకుని వెనక్కి పోయారు. పేట్రియాట్స్ ఆ మ్యాచ్ 34-28తో గెలిచారు. క్వార్టర్‌బ్యాక్ స్వయంగా పరిగెత్తితే డిఫెన్స్‌కి ఒక మనిషి ఎక్కువన్న లాభం పోతుంది, లమార్ జాక్సన్ అందుకే అంత కష్టం పెడతాడు. హైస్కూల్ స్థాయిలో బాగా పాస్ వేయగల పిల్లలు తక్కువ కాబట్టి రన్‌కి, పాస్‌కి మధ్య తేడా కూడా తగ్గుతుంది.

ఈ మధ్య ఒక తల్లి అడిగారు, వాళ్లబ్బాయి మా జేవీ (స్కూల్ జూనియర్ టీమ్)లో రన్నింగ్ బ్యాక్. "రన్‌కి విలువ లేదని అందరూ అంటుంటే నాకు టెన్షన్‌గా ఉందండీ, పొజిషన్ మార్చమని చెప్పనా?" అని. వద్దన్నాను. వాడికి ఆ ఆటంటే ప్రాణం, పద్నాలుగేళ్లవాడి నుంచి అది లాక్కోవాల్సిన పని లేదు. రెండు పనులు నేర్పించమన్నాను: బ్యాక్‌ఫీల్డ్‌లోంచి (లైన్ వెనక చోటు) బయటికెళ్లి బంతి పట్టడం, బ్లిట్జ్ (డిఫెన్స్ ఎక్కువమందితో మీదికి దూకడం) వచ్చినప్పుడు క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటం. 2019లో క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ 1,387 యార్డులు రన్ చేసి, 1,005 యార్డులు పాసులు పట్టి చేశాడు. కాలేజీ కోచ్‌లు వీడియో అడిగినప్పుడు రన్‌ల క్లిప్పులతో పాటు పాస్ బ్లాకింగ్ క్లిప్పులు కూడా పంపండి. వాడివి నేనే కోసి ఇస్తానని ఆవిడకి చెప్పాను, మీ పిల్లలవీ కావాలంటే మ్యాచ్ అయ్యాక వచ్చి అడగండి.