ఒక్క చార్జ్‌తో వెయ్యి కిలోమీటర్లు? బ్యాటరీ వార్తల్లో అపోహలు - వాస్తవాలు

ఫోన్లు, స్కూటర్లు, కార్ల బ్యాటరీల్లో ఉండే లిథియం అయాన్ సెల్స్‌ని పరీక్షించడం నా ఉద్యోగం. సెల్‌ని చార్జ్ చేయడం, ఖాళీ చేయడం, మళ్లీ చార్జ్ చేయడం, అలా ఎన్నిసార్లకి దాని బలం ఎంత తగ్గిందో లెక్క చూడడం. అందుకే కొత్త బ్యాటరీ వార్త ఏది వచ్చినా చుట్టాలు, స్నేహితులు ముందు నన్నే అడుగుతారు. సగం మంది "ఇంక పెట్రోల్ బంకులు మూసుకోవాల్సిందే" అంటారు. మిగతా సగం "ఇలాంటివి చిన్నప్పటి నుంచీ వింటున్నాం, అంతా ఉత్తదే" అని కొట్టిపారేస్తారు. నా అనుభవంలో ఈ రెండూ తప్పే. ల్యాబ్ వాళ్లు చాలాసార్లు నిజమే చెప్తారు. కాకపోతే వాళ్లు తేల్చిన విషయం ఒకటి, మనకి కావలసింది ఇంకొకటి. ఆ తేడా హెడ్‌లైన్‌కి వచ్చేసరికి మాయమైపోతుంది.

అపోహ: అణు బ్యాటరీ వచ్చేసింది, ఇక ఫోన్‌కి యాభై ఏళ్లు చార్జింగ్ అక్కర్లేదు

2024 జనవరిలో బీటావోల్ట్ అనే చైనా కంపెనీ ఒక చిన్న బ్యాటరీని చూపించింది. పొడవు, వెడల్పు 15 మిల్లీమీటర్లు, మందం 5 మిల్లీమీటర్లు. నికెల్-63 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే కణాలను వజ్రపు పొరలు కరెంటుగా మారుస్తాయి. నికెల్-63 సగానికి తగ్గడానికి దాదాపు వందేళ్లు పడుతుంది కాబట్టి యాభై ఏళ్లు పనిచేస్తుందన్న మాటలో అబద్ధం లేదు.

అదే ప్రకటనలో ఇంకో అంకె కూడా ఉంది: 100 మైక్రోవాట్లు. అది ఇచ్చే పవర్ అంతే. మన ఫోన్లలో ఉండే 5,000 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్ల శక్తి పడుతుంది. 100 మైక్రోవాట్లతో దాన్ని నింపాలంటే 1,90,000 గంటలు కావాలి. అంటే ఒక్కసారి ఫుల్ చార్జ్ అవ్వడానికి ఇరవై ఒక్క ఏళ్లు దాటుతుంది. ఫోన్ స్విచాఫ్‌లో ఉంటేనే సుమా.

ఇలాంటి బ్యాటరీకి చోటు లేదని కాదు. 1970ల్లో ప్లుటోనియంతో నడిచే పేస్‌మేకర్లను మనుషుల గుండెల్లో అమర్చారు. చేత్తో అందుకోలేని చోట ఉండే సెన్సర్లకు ఇది బాగా పనికొస్తుంది. ఎన్నాళ్లు మన్నుతుందో వార్త చెప్పింది, క్షణానికి ఎంత ఇస్తుందో చెప్పలేదు. బ్యాటరీ వార్తల్లో నేను ముందుగా వెతికేది ఆ రెండో అంకెనే.

అపోహ: సిలికాన్ వస్తే రేంజ్ పది రెట్లు

ఇప్పటి సెల్స్‌లో చార్జ్ అయినప్పుడు లిథియం వెళ్లి చేరేది గ్రాఫైట్‌లో. గ్రాము గ్రాఫైట్ 372 మిల్లీఆంపియర్ అవర్ల చార్జ్ దాచుకుంటుంది. సిలికాన్ అయితే సుమారు 3,600. దాదాపు పదింతలు. ఇక్కడివరకు నిజమే. కానీ సెల్‌లో గ్రాఫైట్ ఉండేది ఒక వైపు మాత్రమే. అవతలి వైపు కేథోడ్ ఉంటుంది (సెల్‌లోని లిథియం మొదట ఉండేది అందులోనే), దానికి గ్రాముకి దాదాపు 200 మించదు.

ఒక ఆంపియర్ అవర్ దాచాలనుకుందాం. కేథోడ్ పదార్థం 5 గ్రాములు కావాలి, గ్రాఫైట్ 2.7 గ్రాములు. మొత్తం 7.7. ఇప్పుడు గ్రాఫైట్ తీసేసి సిలికాన్ పెట్టండి. అది 0.3 గ్రాము చాలు, కానీ కేథోడ్ మాత్రం అదే 5 గ్రాములు. మొత్తం 5.3. పదింతలు అనుకున్నది మూడో వంతు కన్నా తక్కువ ఆదాగా తేలింది. వీటికి రాగి రేకు, అల్యూమినియం రేకు, ఎలక్ట్రోలైట్ (లిథియం అటూ ఇటూ కదలడానికి పోసే ద్రవం), పైన డబ్బా బరువు కలపండి. అవేవీ తగ్గవు కాబట్టి మిగిలే లాభం ఇంకా చిన్నది. పైగా లిథియం లోపలికి వెళ్లినప్పుడు సిలికాన్ మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, బయటికి వచ్చాక కుంచించుకుపోతుంది. వందలసార్లు అలా జరిగితే పొడి పగిలి రేకు నుంచి ఊడిపోతుంది.

అందుకే కంపెనీలు సిలికాన్‌ని కార్బన్‌తో కలిపి వాడుతున్నాయి. కొన్ని చైనా ఫోన్లు పాత మందంలోనే 6,000, 7,000 మిల్లీఆంపియర్ అవర్లు ఇస్తున్నాయంటే కారణం అదే. పది రెట్లు రాలేదు గానీ, వచ్చింది తక్కువేం కాదు.

అపోహ: ల్యాబ్‌లో సాధించారంటే రెండేళ్లలో షోరూంలో ఉంటుంది

దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మిగతా అపోహలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

వార్తల్లో వచ్చే "కొత్త బ్యాటరీ" చాలాసార్లు ఒక కాయిన్ సెల్. చేతి గడియారంలో వేసే బిళ్ల లాంటిదే, 20 మిల్లీమీటర్ల వెడల్పు. పరిశోధకుడు కొత్త పదార్థాన్ని జిగురుతో కలిపి రేకు మీద పల్చగా పూస్తాడు. ఆరాక చిన్న గుండ్రటి ముక్క కోస్తాడు. ఆర్గాన్ వాయువు నింపిన గాజు పెట్టెలో, రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి, ఆ ముక్క మీద సెపరేటర్ (రెండు వైపులూ తగలకుండా అడ్డుండే పల్చటి పొర) పరిచి, చుక్కలు చుక్కలుగా ఎలక్ట్రోలైట్ వేసి, అవతలి వైపు లిథియం లోహపు బిళ్ల పెట్టి, మూత బిగిస్తాడు. ఆ తర్వాత సెల్ మా టెస్టర్ లాంటి యంత్రానికి ఎక్కుతుంది.

ఇందులో మూడు సౌకర్యాలున్నాయి, ఫ్యాక్టరీలో ఇవేవీ ఉండవు. మొదటిది, పూత పల్చన. చదరపు సెంటీమీటరుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు. కారు సెల్‌లో అది ఇరవై దాకా ఉంటుంది. పల్చటి పూత ఏ పదార్థానిదైనా చకచకా చార్జ్ అవుతుంది, అందులో పదార్థం గొప్ప పెద్దగా ఉండదు. రెండోది, ఎలక్ట్రోలైట్ కావలసినంత ఉంటుంది. ఫ్యాక్టరీలో ప్రతి గ్రాముకీ లెక్క. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: అవతల ఉన్న లిథియం బిళ్ల. సెల్ చార్జ్ అయిన ప్రతిసారీ కొంచెం లిథియం పక్క రసాయన చర్యల్లో పోతుంది. బిళ్లలో నిల్వ బోలెడంత ఉంది కాబట్టి ఆ నష్టం బయటపడదు. నిజం సెల్‌లో కేథోడ్ తెచ్చుకున్న లిథియమే ఆస్తి, పోయింది తిరిగి రాదు.

దీన్ని కొలిచే అంకెని కూలంబిక్ ఎఫిషియెన్సీ అంటాం. "99 శాతం" అని వార్తలో చూస్తే ఎవరికైనా బ్రహ్మాండంగా అనిపిస్తుంది. అదనపు లిథియం బిళ్ల లేని నిజం సెల్‌లో (దాన్నే ఫుల్ సెల్ అంటాం) అయితే దాని అర్థం, ఒక్కో చార్జ్‌కి ఒక్కో శాతం పోతుందని. వంద చార్జ్‌లకి మిగిలేది 37 శాతం. 99.9 అయినా ఐదు వందల చార్జ్‌లకి 61 శాతానికి పడిపోతుంది. వెయ్యి చార్జ్‌ల తర్వాత 80 శాతం మిగలాలంటే 99.98 కావాలి. మా పనిలో తిప్పలన్నీ దశాంశ బిందువుకి కుడివైపు ఉంటాయి. హెడ్‌లైన్లు ఎడమవైపుతో ఆగిపోతాయి.

కాయిన్ సెల్ నుంచి పౌచ్ సెల్ (రేకు సంచిలో పెట్టే పెద్ద సెల్), అక్కడి నుంచి పైలట్ లైన్ (చిన్న స్థాయి ఫ్యాక్టరీ), తర్వాత భద్రతా పరీక్షలు, వాహన కంపెనీ పరీక్షలు. ఇందులో ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా ల్యాబ్ వాళ్లు అబద్ధమాడినట్టు కాదు.

అపోహ: ఐదు నిమిషాల్లో ఫుల్ చార్జ్ అంటే ఇంట్లో ప్లగ్ పెట్టి టీ తాగేలోపు అయిపోతుంది

స్కూటర్ బ్యాటరీ 3 కిలోవాట్ అవర్లు అనుకుంటే, ఐదు నిమిషాల్లో నింపడానికి 36 కిలోవాట్లు కావాలి. మన ఇంట్లో ఏసీ పెట్టే 15 ఆంప్ ప్లగ్ ఇచ్చేది మూడున్నర కిలోవాట్లకి లోపే. 60 కిలోవాట్ అవర్ల కారుకైతే 720 కిలోవాట్లు. మన వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు.

ప్రత్యేక స్టేషన్లలో మాత్రం ఇది కలేం కాదు. 2025 మార్చిలో బీవైడీ 1,000 కిలోవాట్ల చార్జింగ్ ప్రకటించింది, ఐదు నిమిషాల్లో 400 కిలోమీటర్ల రేంజ్ అని. దాని కోసం కారు, కేబుల్, చార్జర్, చల్లబరిచే ఏర్పాటు అన్నీ కలిపి కొత్తగా తయారుచేశారు. బ్యాటరీ ఒక్కటీ మారితే సరిపోదు.

అపోహ: పదేళ్లుగా వార్తలే తప్ప ఏమీ మారలేదు

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. 2010లో బ్యాటరీ ప్యాక్ ధర కిలోవాట్ అవర్‌కి వెయ్యి డాలర్లు దాటి ఉండేది. బ్లూమ్‌బర్గ్ఎన్ఈఎఫ్ సర్వే ప్రకారం 2024లో సగటున 115 డాలర్లు. ఈ మార్పు ఏ ఒక్క రోజు హెడ్‌లైన్‌లోనూ రాలేదు. పూత యంత్రాలు వేగం పుంజుకోవడం, రేకులు పల్చనవ్వడం, వ్యర్థాలు తగ్గడం, ఇలాంటి విసుగు పుట్టించే పనుల వల్ల వచ్చింది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే కేథోడ్ పదార్థం కథ చూడండి, మనవాళ్లు ఎల్ఎఫ్‌పీ అంటారు. 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ అనే శాస్త్రవేత్త బృందం దాని మీద పేపర్ రాసింది. మొదటి పేరు మన భారతీయుడు అక్షయ పాధిది. ఆ పదార్థం కరెంటుని సరిగ్గా పారనివ్వదు, అందుకే తక్కువ పవర్ పనులకు బాగుంటుందని పేపర్‌లోనే అన్నారు. తర్వాత రేణువులు చిన్నవి చేసి, వాటికి కార్బన్ పూత పూసి, ఏళ్ల తరబడి దాన్ని దారికి తెచ్చారు. నికెల్, కోబాల్ట్ అక్కర్లేదు, వేడిని బాగా తట్టుకుంటుంది. ఇవాళ ప్రపంచంలో విద్యుత్ కార్లలోకి వెళ్లే బ్యాటరీల్లో దాదాపు సగం అవే. గుడెనఫ్‌కి 2019లో నోబెల్ వచ్చింది, లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన పనికి, విటింగ్‌హామ్, యోషినోలతో కలిపి. అప్పటికి ఆయనకి 97 ఏళ్లు.

మన దగ్గర కూడా హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఈ పదార్థాల తయారీ మీద పనిచేస్తోంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సెల్ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. ఈ వార్తల కింద ఎవరూ పోట్లాడుకోరు, పట్టించుకోవలసినవి మాత్రం ఇవే.

అపోహ: కాశ్మీర్‌లో లిథియం దొరికింది, ఇక మనం దిగుమతి చేసుకోనక్కర్లేదు

2023 ఫిబ్రవరిలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జమ్మూ కాశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల వనరు ఉందని చెప్పింది. అది జీ3 దశ అంచనా. అంటే ప్రాథమిక అన్వేషణ. తవ్వితే గిట్టుబాటవుతుందని తేలాలంటే జీ2, జీ1 దాటాలి. వేలానికి పెడితే తగినంత మంది రాక 2024 మార్చిలో రద్దు చేశారు. అక్కడ లిథియం ఉన్నది బంకమట్టి లాంటి నిక్షేపంలో. ప్రపంచంలో ఎక్కువ లిథియం ఆస్ట్రేలియాలో గట్టి రాయి నుంచి, చిలీ, అర్జెంటీనాల్లో ఉప్పునీటి నుంచి వస్తోంది. ఆస్ట్రేలియా కూడా తన ఖనిజంలో చాలా భాగం శుద్ధికి చైనాకి పంపుతోంది. గని దొరకడం వేరు, బ్యాటరీకి పనికొచ్చే శుద్ధమైన లిథియం రావడం వేరు.

అపోహ: ఉప్పుతో చేసే సోడియం బ్యాటరీ వస్తే లిథియం పని అయిపోయినట్టే

అయిపోదు. సోడియం చవక, ఎక్కడైనా దొరుకుతుంది, రాగి రేకు బదులు రెండు వైపులా అల్యూమినియం వాడొచ్చు, చలిలో బాగా పనిచేస్తుంది. కానీ అంతే శక్తికి బరువెక్కువ. సోలార్ కరెంటు నిల్వకి, ఆటోలకి, తక్కువ దూరాలు తిరిగే బండ్లకి బాగా సరిపోతుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి.

అపోహ: లిథియం బ్యాటరీ మంట మీద నీళ్లు పోస్తే ఇంకా పేలుతుంది

స్కూల్లో లిథియం, సోడియం లోహాలు నీళ్లలో భగ్గుమంటాయని చదివాం కదా, అక్కడ మొదలైంది ఈ భయం. స్కూటర్ బ్యాటరీలో లిథియం లోహం రూపంలో ఉండదు. ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌కి పాకుతుంది, అది ఇంకో సెల్‌కి. ఆ గొలుసు తెగాలంటే చల్లబరచాలి. అందుకే ఫైర్ సిబ్బంది వాడేది ఎక్కువగా నీళ్లే, అదీ చాలా ఎక్కువగా.

అయితే మీరు మాత్రం దగ్గరికి వెళ్లొద్దు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, అది ఊపిరితిత్తులని కాల్చేస్తుంది. వీలైతే మెయిన్ ఆపి, ఇంట్లో అందరినీ బయటికి తీసుకొచ్చి, 101కి ఫోన్ చేయండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాది వరస ప్రమాదాల తర్వాతే ప్రభుత్వం విద్యుత్ బండ్ల బ్యాటరీ భద్రతకి ఉన్న ఏఐఎస్-156 నిబంధనలని కఠినం చేసింది. 2022 డిసెంబర్‌లో మొదటి దశ, 2023 మార్చి చివర్లో రెండో దశ అమల్లోకి వచ్చాయి. ఒక సెల్‌కి మంటొస్తే ప్యాక్ ఎలా తట్టుకుంటుందో కూడా ఇప్పుడు పరీక్షిస్తారు. అంతకుముందు తయారైన సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే ఈ సంగతి అడగకుండా డబ్బు ఇవ్వకండి. చార్జింగ్ బెడ్‌రూంలో, గుమ్మానికి అడ్డంగా, మెట్ల కింద వద్దు.

అపోహ: సాలిడ్ స్టేట్ వచ్చేదాకా ఆగితే మంచిది

సాలిడ్ స్టేట్ అంటే ద్రవ ఎలక్ట్రోలైట్ బదులు ఘన పదార్థం వాడే బ్యాటరీ. కొత్త విద్యుత్ స్కూటర్ కొనాలనుకుంటున్న మా బావమరిది కూడా ఇదే అడిగాడు: "బావా, సాలిడ్ స్టేట్ వస్తోందటగా, ఇంకో రెండేళ్లు ఆగమంటావా?" టొయోటా దీన్ని 2020ల మొదట్లోనే తెస్తామంది, ఇప్పుడు 2027-28 అంటోంది. వచ్చినా ముందు ఖరీదైన కార్లలోకి వస్తుంది. లక్ష రూపాయల స్కూటర్‌లోకి దిగడానికి ఇంకా చాలా టైం పడుతుంది.

వాడు రోజుకి ముప్పై, నలభై కిలోమీటర్లు తిరుగుతాడు. దానికి ఇప్పుడున్న బ్యాటరీ చాలు. ఏ సెల్ వాడారో, వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో, ఎంత శాతానికి పడిపోతే మారుస్తారో రాతపూర్వకంగా అడగమన్నాను. కొన్నాక జాగ్రత్త పడాల్సింది ఎండతో. మే నెల మధ్యాహ్నం బండి తోలి రాగానే ప్లగ్ పెట్టకూడదు, ప్యాక్ చల్లారేదాకా ఓ గంట నీడలో ఉంచాలి. నెల రోజులు ఊరెళ్తుంటే ఫుల్ చార్జ్ చేసి వదిలేయకుండా సగం దగ్గర ఆపి వెళ్లాలి, పూర్తిగా ఖాళీ మాత్రం చేయకూడదు.