హస్కీ ఎత్తుకు హద్దు ఎందుకు పెట్టారు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి పట్టణాల్లో సైబీరియన్ హస్కీ ఇప్పుడు అరుదైన కుక్క కాదు. పిల్లను అమ్మేటప్పుడు వినిపించే మాటలు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే: తండ్రి కుక్క భారీ సైజు, హెవీ బోన్ (లావు ఎముక), వూలీ కోట్ (పొడవాటి బొచ్చు), నీలి కళ్లు, కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు ఉన్నాయి. ఈ అయిదు మాటల్లో ఒక్కటి కూడా ఆ పిల్ల పెద్దయ్యాక దాని కళ్లు, తుంటి కీళ్లు ఎలా ఉంటాయో చెప్పదు. పైగా మొదటి మూడింటినీ హస్కీ జాతి ప్రమాణం, అంటే ఆ జాతి కుక్క ఎలా ఉండాలో కెన్నెల్ క్లబ్బులు రాసుకున్న కొలతల పత్రం, లోపాలుగానే చూస్తుంది. ప్రమాణం కాదన్న లక్షణాలకు ఎక్కువ ధర పలకడం, ప్రమాణంతో పాటు ఎదిగిన ఆరోగ్య పరీక్షల ఊసే లేకపోవడం ఎలా జరిగిందో తెలియాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

ఈ కుక్కలను తీర్చిదిద్దినవారు ఈశాన్య సైబీరియాలోని చుక్చీ ప్రజలు. వేటకూ ప్రయాణానికీ మంచు మీద చాలా దూరం పోవలసిన ఆ జీవనంలో, తేలికపాటి బరువును మధ్యస్థ వేగంతో గంటల తరబడి లాగగలిగి, తక్కువ తిండితో నెట్టుకురాగల కుక్కే వారికి కావలసి వచ్చింది. భారీ దేహం అక్కడ ఖర్చే తప్ప లాభం కాదు. 1909లో గూసాక్ అనే రష్యన్ బొచ్చుతోళ్ల వ్యాపారి ఈ కుక్కల జట్టును అలాస్కాలోని నోమ్ పట్టణానికి తెచ్చి, 408 మైళ్ల, అంటే సుమారు 650 కిలోమీటర్ల స్లెడ్ (కుక్కలు లాగే మంచు బండి) పందెంలో దింపినప్పుడు, అక్కడి పెద్ద కుక్కలకు అలవాటు పడిన జనం వీటి చిన్న ఆకారాన్ని చూసి ఎగతాళి చేశారు. మరుసటి ఏడాదే, 1910లో, ఫాక్స్ మౌల్ రామ్సే సైబీరియా నుంచి తెప్పించిన కుక్కలతో జాన్ జాన్సన్ అదే పందెం గెలిచాడు.

1925 జనవరిలో నోమ్‌లో డిఫ్తీరియా, అంటే కంఠసర్పి వ్యాధి, ప్రబలినప్పుడు 674 మైళ్ల దూరం మందును కుక్కల జట్లే చేతులు మార్చుకుంటూ చేరవేశాయి. ఆ దారిలో అతి పొడవైన, అతి ప్రమాదకరమైన భాగాన్ని దాటించిన లియోన్‌హార్డ్ సెప్పాలా జట్టుకు ముందు నడిచిన టోగో బరువు సుమారు 22 కిలోలు మాత్రమే. మన పట్టణాల్లో అమ్మకానికి చూపే మగ హస్కీల పక్కన నిలబెడితే దాన్ని చాలామంది పెరగని కుక్క అనుకుంటారు.

అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని 1930లో గుర్తించింది, తొలి ప్రమాణం 1932లో వెలువడింది. ఇప్పటి అమెరికన్ ప్రమాణం ప్రకారం భుజాల దగ్గర మగ కుక్క ఎత్తు 21 నుంచి 23.5 అంగుళాలు, బరువు 45 నుంచి 60 పౌండ్లు, అంటే దాదాపు 20 నుంచి 27 కిలోలు. ఆడ కుక్కకు 20 నుంచి 22 అంగుళాలు, 16 నుంచి 23 కిలోల మధ్య బరువు. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ 270వ సంఖ్యతో ఇచ్చిన ప్రమాణం కూడా మగదానికి 60, ఆడదానికి 56 సెంటీమీటర్ల వద్దే గీత గీసింది. ఆ ఎత్తు దాటిన కుక్కను ప్రదర్శనలో మార్కులు తగ్గించి వదిలిపెట్టరు, పోటీ నుంచే తొలగిస్తారు. ఎముక మరీ బరువుగా ఉన్నా, బొచ్చు మరీ పొడవుగా చింపిరిగా ఉన్నా లోపమే, ఎందుకంటే పొడవాటి బొచ్చులో మంచు ఉండలు కడుతుంది, బరువైన ఎముక దూరప్రయాణానికి అడ్డు వస్తుంది. కళ్లు నీలంగా ఉండవచ్చు, గోధుమ రంగులో ఉండవచ్చు, ఒకటి అదీ ఒకటి ఇదీ కావచ్చు, దేనికీ ఎక్కువ తక్కువలు లేవు. పెద్ద బరువులు లాగే పనికి అలాస్కన్ మాలమూట్ అనే వేరే జాతి ఉంది. దాన్ని 1935లో విడిగా గుర్తించారు, మగదాని ప్రమాణమే 25 అంగుళాలు, సుమారు 38 కిలోలు. కాబట్టి 40 కిలోల 'హస్కీ'ని చూపినప్పుడు అది బాగా కొవ్వు పట్టినదో, మాలమూట్ కలిసినదో, ప్రమాణాన్ని పక్కన పెట్టి పెంచినదో అయ్యుండాలి.

ఇంత జాగ్రత్తగా కొలతలు రాసుకున్న ఆ తొలి తరం పెంపకందారుల పనిలోనే మరో సమస్యకు బీజం పడింది. సైబీరియా నుంచి కుక్కలు రావడం 1930తో ఆగిపోయింది. ఆ తరువాత వంశావళి పుస్తకంలో నమోదైన కుక్కల సంతానమే హస్కీ అన్న నియమం స్థిరపడింది. అంటే ప్రపంచమంతటా ఉన్న లక్షలాది హస్కీల మూలాలు చాలావరకు కొద్దిపాటి కుక్కల దగ్గరికే చేరుతాయి. ఇలాంటి మూసిన గుంపులో, ఒక్కో కుక్కలో ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉండే జన్యు లోపాలు, బంధువులైన రెండు కుక్కలు జత కట్టినప్పుడు పిల్లల్లో బయటపడతాయి. గెలిచిన ఒకే మగ కుక్కను పదేపదే వాడినకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. ప్రమాణం బయటికి కనిపించే రూపాన్ని, నడకను కాపాడగలదు గానీ, దాగినదాన్ని కాపాడలేదు.

ఆ లోటు పూడ్చడానికే పరీక్షలు వచ్చాయి. తొడ ఎముక గుండు తుంటి గుంటలో సరిగ్గా ఇమడకపోవడాన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారు. కుక్కల్లో దీన్ని 1930లలోనే వర్ణించారు. 1966లో అమెరికాలో ఏర్పడిన, జంతువుల ఎముకలు, కీళ్ల పరీక్షలను నమోదు చేసే ఓఎఫ్‌ఏ సంస్థ, కుక్కను పడుకోబెట్టి వెనుక కాళ్లు సమాంతరంగా చాపి తీసిన ఎక్స్-రేను నిపుణుల చేత చదివించి, అతి మంచిది నుంచి తీవ్ర దోషం వరకు ఏడు శ్రేణులుగా నమోదు చేసే పద్ధతిని స్థిరపరిచింది. శాశ్వత ధ్రువీకరణకు కుక్కకు రెండేళ్లు నిండాలి. ఆ సంస్థ లెక్కల్లో ఈ దోషం తక్కువగా కనిపించే జాతుల్లో హస్కీ ఒకటి. అయితే పని చేసే కుక్కలుగా ఎంచుకుంటూ, పరీక్షించుకుంటూ వచ్చిన వంశాలకు చెందిన మాట అది. సైజు కోసమే జత కట్టించిన వంశాలకు దాన్ని అన్వయించుకోవడం న్యాయం కాదు.

హస్కీకి అసలు ముప్పు కళ్లలో ఉంది. చిన్న వయసులోనే కంటి కటకంలో ఏర్పడే శుక్లం, కంటి ముందుపొర అయిన కార్నియాలో కొవ్వు పేరుకోవడం, కంటిలో ఒత్తిడి పెరగడం, కంటి వెనుక పొర అయిన రెటీనా క్రమంగా క్షీణించడం ఈ జాతిలో వంశపారంపర్యంగా నమోదైనవి. వీటిలో రెటీనా క్షీణతకు చెందిన ఒక రకం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పెంపకందారుడి నిర్ణయం పిల్లల చూపును ఎలా శాసిస్తుందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీది ఆర్‌పీజీఆర్ జన్యువులో ఉందని 2002లో తేలింది. మగ కుక్కకు ఎక్స్ ఒక్కటే గనుక అది చెడితే మొదట రేచీకటి, తరువాత గుడ్డితనం తప్పవు. ఆడ కుక్కలో రెండో ఎక్స్ ఆదుకుంటుంది, కాబట్టి పైకి చక్కగా చూస్తూ తిరిగే తల్లి ఆ లోపాన్ని మోస్తూ ఉండవచ్చు. అలాంటి తల్లికి పుట్టే మగ పిల్లల్లో సగటున సగం చూపు కోల్పోతాయి. అమ్మే రోజున ఎనిమిది వారాల పిల్లలో దీని జాడ కనిపించదు. తల్లి చెంప లోపలి నుంచి తీసిన నమూనాతోనో, కొద్దిపాటి రక్తంతోనో జీవితకాలంలో ఒక్కసారి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే మాత్రం జత కట్టించకముందే తెలుస్తుంది. మిగిలిన కంటి జబ్బులకు కంటిపాప విప్పార్చే చుక్కలు వేసి నిపుణుడు చేసే పరీక్ష కావాలి, అది కూడా ఏటేటా, ఎందుకంటే ఈ ఏడు లేని శుక్లం వచ్చే ఏడు కనిపించవచ్చు.

మన దేశంలో జాతి ప్రమాణం, ఆరోగ్య పరీక్షలు అనే ఈ రెండు పాయలు విడివిడిగా వచ్చాయి. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశావళి పత్రం తల్లిదండ్రులెవరో, తాతముత్తాతలెవరో చెబుతుంది. కళ్లు, కీళ్ల గురించి హామీ ఇవ్వడం దాని పని కాదు, కానీ కొనేవారు దాన్ని ఆరోగ్య పత్రంగా చదువుకుంటున్నారు. 2016 ఏప్రిల్‌లో వాణిజ్య పెంపకం కోసం విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం కట్టడి చేసింది. ఉన్న కుక్కల్లోనే జతలు వెతుక్కోవలసి వచ్చినప్పుడు బంధుత్వం చూసుకోవడం, పరీక్షలు చేయించడం మరింత అవసరమవుతాయి. 2017 మేలో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలన్నాయి, 18 నెలలు నిండని ఆడ కుక్కను జత కట్టించరాదన్నాయి, ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మరాదన్నాయి, కుక్కను గుర్తించే సంఖ్య ఉండే మైక్రోచిప్ అడిగాయి. ఇవి మంచి నియమాలు. అయితే 2024 మార్చిలో ప్రమాదకరమన్న 23 రకాల కుక్కల పెంపకం, అమ్మకం ఆపాలంటూ కేంద్రం రాష్ట్రాలకు రాసిన లేఖ, దానిపై కోర్టుల తీర్పుల తరువాత చర్చంతా కరిచే కుక్కల చుట్టూ తిరిగింది. ఆ జాబితాలో లేని హస్కీ వంటి జాతుల్లో పుట్టబోయే పిల్లల ఆరోగ్యం ఎవరి నోటా రాలేదు.

దక్షిణ తెలంగాణలో సైజు మోజుకు మరో నష్టం కూడా తోడవుతుంది. కుక్క ప్రధానంగా నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడిని తగ్గించుకుంటుంది, చెమట పట్టేది దాని అరికాళ్లలోనే. దేహం పెరిగినకొద్దీ బరువుకు తగినంత చర్మ వైశాల్యం ఉండదు, వేడి బయటికి పోవడం నెమ్మదిస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే నల్లగొండ ఎండలో 22 కిలోల కుక్కకే కష్టమైనది 35 కిలోల వూలీ కుక్కకు ప్రాణాంతకం కాగలదు. హస్కీని ఈ ఎండల్లోకి తేవడమే సరైనదా అన్న ప్రశ్న న్యాయమైనదే, తేకపోవడమే మేలని ఈ రచయిత అభిప్రాయం. కానీ వేలాదిగా వచ్చేసిన తరువాత, ఇక్కడే పుట్టే పిల్లల సంగతి విడిచిపెట్టడానికి వీల్లేదు.

జాతి లక్షణాలను చూసి ఎంచుకునే విద్య ఈ ప్రాంతానికి కొత్త కాదు. అమ్రాబాద్ కొండల్లోని పొడ తూర్పు పశువులను తరతరాలుగా ఎంచి కాపాడిన రైతుల కృషి వల్లనే కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దాన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. దేవరకద్ర సంతలో ఎడ్లు కొనే రైతు పళ్లు పట్టి వయసు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి కాళ్లు చూస్తాడు, అప్పుడే బేరానికి దిగుతాడు. అంతకు మించిన డబ్బు పోసి కొనే కుక్కపిల్ల విషయంలో ఫోన్‌లో వచ్చిన ఫొటోతోనే బేరం తెగిపోతోంది.

మన జిల్లాల్లో పుట్టే పిల్లల్లో చాలావరకు పెద్ద కెన్నెళ్లలో పుట్టినవి కావు, ఇంట్లో ఒక ఆడ కుక్కను పెంచుకుంటూ తెలిసినవారి మగ కుక్కతో క్రాసింగ్ చేయించేవారి దగ్గర పుట్టినవి. అందుకని నిర్ణయం కూడా వారి చేతిలోనే ఉంది. తుంటి ఎక్స్-రే చదివించడానికి, కంటి నిపుణుడికి చూపించడానికి సాధారణంగా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికో, హైదరాబాద్‌లోని పెద్ద క్లినిక్‌లకో వెళ్లవలసి ఉంటుంది, డీఎన్‌ఏ నమూనా మాత్రం స్థానిక పశువైద్యుడే తీసి పంపగలడు. అందువల్ల ముందుగా ఆడ కుక్కకు డీఎన్‌ఏ పరీక్ష, తరువాత రెండింటికీ ఆ ఏటి కంటి పరీక్ష, రెండేళ్లు నిండాక తుంటి ఎక్స్-రే అన్న వరుస ఖర్చు దృష్ట్యా కూడా అనువైనది. ఆడ కుక్క రెటీనా లోపాన్ని మోస్తోందని తేలితే, అది ఇంట్లో ఎప్పటిలాగే హాయిగా బతుకుతుంది, దానికి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయిస్తే సరిపోతుంది. ఎనిమిది వారాల పిల్లకే హిప్ సర్టిఫికెట్ ఉందని చెప్పేవారిని మాత్రం నమ్మవద్దు, ఆ వయసులో అటువంటి శాశ్వత ధ్రువీకరణ ఎవరూ ఇవ్వరు. అడగవలసినవి తల్లిదండ్రుల పత్రాలు, వాటి మీద ఆ కుక్కల మైక్రోచిప్ సంఖ్య, పరీక్ష జరిగిన తేదీ.