పాత చీర, పాత పేపరు, గుప్పెడు మెంతులు

జులైలో కోఠి బజారులో వాన పట్టుకుంటే న్యూస్‌పేపర్ పొట్లం కాసేపట్లోనే చిరిగి, లోపలి సరుకు నేలపాలవుతుంది. అదే వానలో నూలు సంచి ముద్దయిపోయినా తెగదు. నిజానికి తడిసిన నూలు పోగు పొడి పోగు కంటే 10 నుంచి 20 శాతం ఎక్కువ బలంగా ఉంటుంది. కాగితం మాత్రం బాగా తడిస్తే తన బలంలో 90 శాతం పైగా పోగొట్టుకుంటుంది. ఈ రెండూ వేర్వేరు పదార్థాలైతే ఇందులో వింతేమీ లేదు. కానీ రెండిట్లోనూ ముఖ్యంగా ఉండేది ఒకటే, సెల్యులోజ్. ఆదిలాబాద్ చేలో పత్తికాయలో పెరిగినా, అడవిలో వెదురులో పెరిగినా అది గ్లూకోజ్ అణువులు వరసగా కలిసిన గొలుసే.

మరి వానలో ఇంత తేడా ఎందుకు? పీచు పొడవు వల్ల. పత్తి పీచు మామూలుగా 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. కాగితంలోని కలప, వెదురు పీచు 1 నుంచి 3 మిల్లీమీటర్లే. పొడవాటి పీచును మెలిపెట్టి వడికితే, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పట్టుకుంటాయి. నీళ్లు తగిలితే పీచు ఉబ్బి పక్కదాన్ని ఇంకా గట్టిగా నొక్కుతుంది. లోపలి గొలుసులు కూడా లాగిన వైపుకి సర్దుకుంటాయి. కాగితంలో మెలిక లేదు. పొట్టి పీచులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని, వాటి మధ్య ఏర్పడే హైడ్రోజన్ బంధాలతోనే (అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణ) నిలుస్తాయి. నీళ్లు ఆ బంధాల మధ్యకు దూరితే పీచు దేనికది విడిపోతుంది.

పాత బట్టలతో చేతిపనులు చేసేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. మీ చేతిలో ఉన్న గుడ్డ విలువ దాని రంగులోనో, డిజైన్‌లోనో కాదు, ఆ పీచు పొడవులో ఉంది. అది ఒకసారి తగ్గితే మళ్లీ పెరగదు. గుడ్డను రుబ్బి కాగితం చేయొచ్చు, కాగితంలోని పొట్టి పీచును వడికి గుడ్డ నేయలేం. రసాయనాల్లో కరిగించి కొత్తగా పోగు తీస్తే తప్ప కుదరదు (రేయాన్ అలా పుట్టిందే). పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు యూరప్‌లో కాగితానికి ముడిసరుకు ఎక్కువగా చింకిపాత గుడ్డలే. 1844 ప్రాంతంలో జర్మనీలో కెల్లర్ అనే ఆయన కలపను అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాకే కాగితం చెట్ల వైపు తిరిగింది. మన కరెన్సీ నోట్లకు మాత్రం ఇప్పటికీ వాడేది పత్తి కాగితమే. అందుకే నోటు పొరపాటున జేబులో ఉండి వాషింగ్ మెషీన్‌లో పడినా బతికి బయటపడుతుంది.

కాబట్టి గుడ్డను వీలైనంత కాలం గుడ్డగానే ఉంచాలి. ఆ తర్వాత పీలికలుగా, పేలికలుగా వాడాలి. గుజ్జు చేయడం చిట్టచివరి మాట. ఇంటర్నెట్‌లో కనిపించే చాలా వీడియోల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. మంచి నూలు చీరను కత్తిరించి గులాబీ పువ్వులు చేసి, అట్టకు అంటించి, మెరుపులు చల్లుతారు. చూడటానికి బాగుంటుంది, కానీ ఆ చీరకు ఇంకా పదేళ్ల పని మిగిలి ఉండేది.

ఆ పదేళ్ల పని ఎలా చేయించాలో మన ఇళ్లలో తెలిసినదే. బొంత ఉందిగా! చీర అంతటా ఒకేలా అరగదు. కుచ్చిళ్లు పడే చోట, నేలకు రాసుకునే అంచు దగ్గర, నడుం దగ్గర ముందు పలచబడుతుంది. కొంగు, లోపలి చెంగు చాలాకాలం గట్టిగా ఉంటాయి. బొంత కుట్టే అమ్మమ్మలు పలచబడ్డ భాగాన్ని లోపలి పొరలకు పంపి, గట్టి భాగాన్ని పైకి తెస్తారు. దబ్బనంతో వరసగా వేసే టాకాలు ఊరికే పొరలు కదలకుండా ఉండటానికే కాదు. ఒక చోట పడ్డ లాగుడు ఆ కుట్ల ద్వారా పక్క పొరలకు, పక్క వరసలకు పంచబడుతుంది. ఒక పొర చిరిగినా ఆ చిరుగు రెండు వరసల మధ్యే ఆగిపోతుంది. ఇక వెచ్చదనం సంగతికొస్తే, అది గుడ్డ కంటే పొరల మధ్య చిక్కుకున్న గాలి ఇచ్చేదే. కదలని గాలి వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. బొంతను ఎండలో వేసి దులిపితే మెత్తబడేది కూడా ఆ గాలి పొరలు మళ్లీ తెరుచుకోవడం వల్లే. హైదరాబాద్ డిసెంబర్ చలికి నాలుగైదు పొరలు చాలు. నూలు చీరల బొంత చెమటను పీల్చుకుంటుంది కాబట్టి మిగతా నెలల్లోనూ పరుచుకోవడానికి పనికొస్తుంది.

ఇక్కడే ఇప్పటి చిక్కు ఒకటి వస్తుంది. అల్మారాలో ఉన్న చీరల్లో నూలువి ఎన్ని? సిరిసిల్ల మరమగ్గాల మీద నేసేది ఎక్కువగా పాలిస్టర్. జనరల్ బజార్‌లో ‘కాటన్’ అని అమ్మే బట్టలోనూ చాలాసార్లు పాలిస్టర్ కలిసే ఉంటుంది. పాలిస్టర్ అంటే నీళ్ల సీసాకు వాడే ప్లాస్టిక్కే, పోగుగా తీసింది. దాన్ని గుర్తుపట్టడానికి అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి, వేలితో ముట్టుకుంటే పొడైపోయే బూడిద మిగులుస్తుంది. పాలిస్టర్ మంటకు ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన కమురు వాసన. బూడిదలో గట్టి గింజలు తగిలితే కలిపి నేసిందని అర్థం. రేయాన్ కూడా నూలులాగే కాలుతుంది కాబట్టి దాన్ని తడిపి తెలుసుకోవాలి. తడిసిన రేయాన్ పోగు బలం దాదాపు సగానికి పడిపోతుంది, లాగితే ఇట్టే తెగుతుంది.

ఈ పరీక్ష తప్పనిసరి అని నేను గట్టిగా చెప్పేది మసిగుడ్డల విషయంలో. పాలిస్టర్ దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఖాళీగా మాడుతున్న మూకుడు ఆ వేడిని సులువుగా దాటుతుంది. కరిగిన ప్లాస్టిక్ వేలికి అతుక్కుంటే వేడి గిన్నె తగిలిన దానికంటే లోతుగా కాలుతుంది. మసిగుడ్డ, కాళ్ల పట్టా, చంటిపిల్లల పక్కగుడ్డ, ఇవి పాత నూలుతోనే చేయాలి. పాలిస్టర్ చీర కూరగాయల సంచికి, స్కూటర్ కవరుకి, మొక్కలకు కట్టే తాడుకి చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అది కుళ్లదు, తొందరగా ఆరుతుంది.

టైలర్ దగ్గర మిగిలే ముక్కల గురించి ఒక మాట. మన గల్లీ టైలర్లకు ‘క్రాస్’ అంటే ఏమిటో ఏ పుస్తకం చదవకుండానే తెలుసు. పడుగు, పేక నిలువుగా అడ్డంగా ఉన్న నేతను ఆ దారాల వెంట లాగితే సాగదు. ఐమూలగా లాగితే దారాల మధ్య చదరాలు వాలిపోయి గుడ్డ సాగుతుంది. అందుకే సంచి పట్టీ నిలువు మీద కోయాలి, గుండ్రటి అంచుకు వేసే పైపింగ్ క్రాస్‌లో కోయాలి. క్రాస్ పట్టీ అంచు పోగులు కూడా అంత సులువుగా ఊడవు. టీషర్టుది నేత కాదు, అల్లిక. దాన్ని పట్టీలుగా కోసి లాగితే అంచులు వాటంతటవే చుట్టుకుని తాడులా అవుతాయి, అడుగు మ్యాట్‌లు అల్లడానికి అంతకంటే మంచి సరుకు లేదు.

ఇక కాగితం. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది చేటకు, వెదురు బుట్టకు పూసే కాగితం గుజ్జు. పాత పేపర్లు రాత్రంతా నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రుబ్బి, వెదురు సందులు మూసుకునేలా అలికి ఆరబెట్టేవాళ్లు. ఈ పనిలో ఎంత రసాయన శాస్త్రం ఉందో చూడండి. మెంతి గింజలో గాలక్టోమానన్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. నీళ్లు తగిలితే జిగటగా ఉబ్బి పీచుల మధ్య ఖాళీలు నింపుతుంది. గుజ్జు ఆరుతున్నప్పుడు, ఆవిరైపోతున్న నీటి తలతన్యత (నీటి పైపొర బిగువు) పీచులను ఒకదాని దగ్గరికి ఒకటి లాగుతుంది. చివరి నీళ్లు పోయే సమయానికి అవి హైడ్రోజన్ బంధాలు కట్టుకునేంత దగ్గరికి వస్తాయి. ఇలా దగ్గరికి లాగబడటం వల్లే గుజ్జు ఆరితే కుంచించుకుపోతుంది. మందంగా పూస్తే పైపొర ముందు ఆరి బిగుసుకుని పగులుతుంది. పలచగా పూసి, మొదట నీడలో, తర్వాత ఎండలో పెట్టి, అది ఆరాక ఇంకో పూత వేయడమే సరైన దారి. మన వానాకాలంలో ఈ పని మొదలుపెడితే లోపల తేమ నిలిచి బూజు పడుతుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా మంచి కాలం.

రుబ్బడంలోనూ కిటుకు ఉంది. రోట్లో వేసి దంచితే పీచు చితికి, ఒంటి మీద సన్నటి నూగు లేస్తుంది. ఆ నూగు వల్ల పీచులు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది. మిక్సీ బ్లేడు మాత్రం పీచును కోసేస్తుంది. మిక్సీ తప్పదంటే నీళ్లు బాగా పోసి కొద్దిసేపే తిప్పాలి. అసలే 1 నుంచి 3 మిల్లీమీటర్ల పీచు అది, దాన్ని ఇంకా పొట్టి చేస్తే ఆరాక గీకితే రాలే పొడి మిగులుతుంది. మిల్లులో కూడా కాగితాన్ని అయిదారుసార్లు తిరిగి వాడేసరికి పీచు పనికిరానంత పొట్టిదవుతుంది.

చింతగింజల జిగురు ఇంకా గొప్పది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంక కలిపి పూస్తారు. ఆ పూత మీదే పటాల కథలు గీస్తారు. వాళ్లు చేసే ముఖాల బొమ్మలకు రంపపు పొట్టులో కలిపేదీ ఈ చింతగింజల ముద్దే. చింతగింజలో ఉండే జైలోగ్లూకాన్ అనే చక్కెర గొలుసు వెన్నెముక అచ్చం సెల్యులోజ్ గొలుసే, పక్కలకు చిన్న చక్కెర కొమ్మలు మాత్రం అదనం. అందుకని అది సెల్యులోజ్ పీచు మీద ఒదిగి పడుకుని అతుక్కుపోతుంది. మొక్కల కణాల గోడల్లో ఈ జాతి పదార్థం ప్రకృతిలో చేసే పనీ అదే. గంజి, మైదా లై కూడా గ్లూకోజ్ గొలుసులే, కానీ గ్లూకోజ్‌లు కలిసే తీరు వేరు కాబట్టి సెల్యులోజ్ తిన్నగా సాగితే పిండిపదార్థం జంతికలా చుట్టుకుంటుంది. నీళ్లలో 60, 70 డిగ్రీలకు వేడిచేస్తే ఆ చుట్లు విప్పుకుని జిగురవుతుంది. పురుగు పట్టకుండా లైలో మైలుతుత్తం వేసే అలవాటు ఉంది, అది విషం. పిల్లలు చేసే పనుల్లో అది వద్దు.

బజారు జిగుర్లతో పోలిస్తే ఇవి ఎందుకు మేలంటే, వీటితో చేసిన బుట్ట విరిగితే మళ్లీ నానబెట్టి గుజ్జు చేయొచ్చు. తెల్ల గమ్ము, గ్లూ గన్‌లో పెట్టే కడ్డీ రెండూ ప్లాస్టిక్ జాతివే. మెరుపులు అల్యూమినియం పూసిన పాలిస్టర్ రేకు ముక్కలు. వాటిని ఒకసారి గుడ్డకో కాగితానికో అంటిస్తే ఇక విడదీయలేం, అది వెళ్లేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే. కుట్టు అయితే విప్పొచ్చు, ముడి అయితే ఊడదీయొచ్చు. షాపులో ఇచ్చే మెరిసే బిల్లు కాగితాలు గుజ్జులో కలపకండి, వాటి పూతలో ఒంటికి హాని చేసే బిస్ఫినాల్ జాతి రసాయనాలు ఉంటాయి. అలాగే పేపరు గుజ్జు గిన్నెల్లో తినేవి పెట్టకూడదు. న్యూస్‌పేపర్లో తిండి చుట్టవద్దని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2016లోనే హెచ్చరించింది, కారణం ఆ సిరా.

ఈ పనుల వల్ల ఊరి చెత్త సమస్య తీరుతుందని నేను అనను. వాడిన సరుకును మళ్లీ వాడుకలోకి తేవడం మీద పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో వేసిన లెక్క ప్రకారం, ప్రపంచంలో బట్టలకు వాడే సరుకులో మళ్లీ కొత్త బట్టగా మారేది 1 శాతం కూడా లేదు. ఒక కిలో నూలు బట్ట వెనక ప్రపంచ సగటున దాదాపు 10,000 లీటర్ల నీళ్లు ఉంటాయి. అరకిలో చీరంటే 5,000 లీటర్లు. ఆ నీళ్లకు న్యాయం జరిగేది చీరను చీరగా ఇంకొకరు కట్టుకున్నప్పుడే. అందుకే బాగున్న బట్టలు ఎర్రగడ్డ సండే మార్కెట్‌కు చేరినా, పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ మూటలోకి వెళ్లినా నాకు సంతోషమే. కత్తెర పట్టాల్సింది ఇక ఎవరూ కట్టుకోలేనివాటి మీద.

పట్టుచీర ఒక్కటి ఈ పీచు పొడవు లెక్కకు లొంగదు. ఒక పట్టుగూడు నుంచి వచ్చే పోగు దాదాపు కిలోమీటరు దాకా పొడవుంటుంది, పత్తి దాని ముందు ఏపాటి! అయినా ముప్పై ఏళ్ల పట్టుచీర మడత వెంట చిట్లిపోతుంది. పోగు పొడవు అలాగే ఉన్నా, ఎండ, చెమట వల్ల లోపలి ప్రొటీన్ గొలుసులు తెగిపోయి ఉంటాయి. బొంత కుట్టే దబ్బనం దిగితేనే చీలిపోయే గుడ్డ అది. పట్టుకు క్షారం పడదు, నూలుకు ఆమ్లం పడదు. కాబట్టి నూలు ఒంటికి పట్టు అంచున్న గద్వాల చీరను సోడాతో ఉతికితే అంచు ముందు పాడవుతుంది. అలాంటి చీర అంచును విడదీసి, వెనక కొత్త నూలు గుడ్డ వేసి సన్నసూదితో కుట్టి, ఎండ పడని గోడకు పెట్టుకోవడమే మంచిది. కోసే ముందు జరీ చూపించుకోండి. పాత జరీలో వెండి ఉంటే కొనేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, ఇప్పటి చీరల్లో చాలావాటిలో మెరిసేది పూతపూసిన ప్లాస్టిక్ రేకే.