తడిసిన ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఫొటో స్టూడియో నడుపుతూ ఇరవై ఏళ్లుగా పాత ఫొటోలు బాగుచేసే పని కూడా చేస్తున్నాను. సముద్రానికి ఇంత దూరంలో ఉన్నాం, తుపానులతో మనకేం పని అని ఒకప్పుడు అనుకునేవాళ్లం. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. 2025 అక్టోబరు చివరలో మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటి వచ్చి మన కాలనీలను ముంచింది. రెండుసార్లూ వరద తగ్గిన వారం తర్వాత తడి ఆల్బమ్‌ల సంచులు నా దుకాణానికి వచ్చాయి. ఆ వారం ఆలస్యమే నా బాధ. నీళ్లు పాడుచేసిన ఫొటోల కంటే, నీళ్లు పోయాక మన చేతులు పాడుచేసిన ఫొటోలనే నేను ఎక్కువగా చూశాను.

అపోహ: తడిసిందంటే ఫొటో పోయినట్టే.

వాస్తవం: ల్యాబులో వేసిన రంగుల ఫొటో తయారయ్యేదే తడిలో. రసాయనాల్లో, నీళ్లలో మునిగి తేలాకే బొమ్మ వస్తుంది. దాని పైన ఉండే పలుచటి పొర జెలటిన్. రంగులన్నీ అందులోనే ఉంటాయి. నీళ్లు తగిలితే ఆ పొర పాల మీది మీగడలా ఉబ్బి మెత్తబడుతుంది. మెత్తగా ఉన్నంతసేపు పక్క ఫొటో నుంచి విడదీయవచ్చు. అలాగే ఆరనిస్తే మాత్రం జెలటినే జిగురవుతుంది, రెండు ఫొటోలూ ఒకటే అట్ట అవుతాయి. అందుకే వచ్చిన ప్రతివారికీ ముందు చెప్పే మాట: ఆల్బమ్ మూసి ఆరబెట్టకండి.

నాయీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డు టీచరమ్మ సరిగ్గా ఆ పనే చేశారు. 1996 వేసవి సెలవుల్లో ఆమె, భర్త చెన్నైలో ఓడ ఎక్కి మూడు రోజులు ప్రయాణించి పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. సముద్రం చూడటం ఇద్దరికీ అదే మొదటిసారి. ఆ ఆల్బమ్ కింది అరలో ఉండి మునిగింది. ఆమె దాన్ని డాబా మీద మూసిన పుస్తకంలాగే ఎండలో పెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి ఇటుక పెళ్లలా ఉంది.

ఒక ఫొటోను ఆమెకు దగ్గరగా చూపించాను. ఓడ పక్క భాగానికి నల్ల రంగు. తడి తిన్న అంచు దగ్గర ఆ నలుపు ముందు ఎర్రగా, ఆ తర్వాత పసుపుగా, చివర తెల్లగా మారింది. రంగుల ఫొటో కాగితంలో మూడు పొరలుంటాయి. అన్నిటికంటే పైన నీలి ఆకుపచ్చ, మధ్యలో ముదురు గులాబీ, అడుగున పసుపు. పైపొర ఊడితే మిగిలిన రెండూ కలిసి ఎరుపు కనిపిస్తుంది. మధ్యపొర కూడా పోతే పసుపు, అదీ పోతే కాగితం. సముద్రం ఉన్నచోట నీలం పోయి గులాబీ రంగు తేలింది. "సముద్రం ఎర్రబడింది బిడ్డా" అన్నారామె. ఎరుపు కనిపించేచోట బొమ్మ ఇంకా కొంత మిగిలే ఉంటుంది. తెల్లబడితే అక్కడ తిరిగి తెచ్చేది ఏమీ లేదు.

అపోహ: బురదను మెత్తటి గుడ్డతో తుడిచేయాలి, తర్వాత పేపరు మీద పరచి ఎండకు పెట్టాలి.

వాస్తవం: ఈ మాటలో మూడు తప్పులున్నాయి. మెత్తబడిన పొరను గుడ్డ తగిలితే బురదతో పాటు ముఖం కూడా వచ్చేస్తుంది. వెడల్పాటి పళ్లెంలో చల్లటి శుభ్రమైన నీళ్లు పోసి, ఫొటోను అంచు పట్టుకుని మెల్లగా ఆడించండి. నీళ్లు మురికైతే మార్చండి. న్యూస్ పేపరు సిరా ఫొటోకు అంటుతుంది కాబట్టి ఉతికిన తెల్లటి నూలు బట్ట మీద బొమ్మ పైకి ఉండేలా నీడలో పరచండి. ఎండకైనా, హెయిర్ డ్రయ్యర్‌కైనా ఫొటో అప్పడంలా చుట్టుకుపోయి పొర పగులుతుంది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసిన ఫొటోలను మాత్రం నీళ్లలో ముంచవద్దు, సిరా కరిగిపోతుంది.

ఇల్లంతా బురదలో ఉన్నప్పుడు ఫొటోలు కడుగుతూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. నాకు తెలుసు. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. ఆలోపు కుదరదనుకుంటే తడి ఫొటోల మధ్య బటర్ పేపరు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో కట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. కరెంటు లేకపోతే చుట్టాల ఇంటి ఫ్రీజర్‌లోనైనా సరే. వారాల తర్వాత తీసినా, మెల్లగా కరగనిచ్చి విడదీయవచ్చు. తాతల నాటి గాజు పలకల ఫొటోలను మాత్రం నానబెట్టకండి, ఫ్రీజర్‌లో పెట్టకండి.

ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోను లాగవద్దు. అద్దంతో సహా తెస్తే అద్దం మీదనుంచే స్కాన్ చేస్తాం.

అపోహ: పెళ్లి ఫొటోలు స్టూడియో కంప్యూటర్లో ఎప్పటికీ ఉంటాయి.

వాస్తవం: ఉండవు. కొన్నాళ్లకు డిస్కు నిండుతుంది, పాతవి తీసేయక తప్పదు. అందులోనూ అట్టల మీద అతికించిన కరిజ్మా ఆల్బమ్ తడిస్తే లోపలి అట్ట ఉబ్బిపోతుంది, దాన్ని కడగడం కుదరదు. మీ ఫైళ్లు ఇప్పుడే అడిగి తీసుకుని రెండుచోట్ల దాచుకోండి.

అపోహ: ఎంత పాడైనా ఫోనులో యాప్ బాగుచేస్తుంది.

వాస్తవం: గీతలు, మరకలు పోగొట్టడానికి నేనూ అలాంటి సాధనాలు వాడతాను. కానీ ముఖం చెరిగిపోయినచోట యాప్ చేసేది ఊహ. టీచరమ్మ మనవడు ఓడ కమ్మీ పట్టుకుని నిలబడ్డ తాతయ్య ఫొటోను అలా చేసి తెచ్చాడు. చక్కటి ముఖమే వచ్చింది. ఆమె చాలాసేపు చూసి, "కనుబొమ్మ మీద గాటు ఏది?" అన్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ గాటు లేని మనిషి ఆమెకు ఎవరో కొత్తవాడు.

అపోహ: ప్రింట్లు ఉన్నప్పుడు నెగెటివ్‌లు దండగ.

వాస్తవం: ఈ ఒక్క అపోహ వల్ల ఎన్ని ఇళ్లలో ఎన్ని ఫొటోలు పోయాయో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. టీచరమ్మను అదే అడిగాను. మర్నాడు అటక మీది బిస్కెట్ డబ్బా పట్టుకొచ్చారు. నీళ్లు అంత ఎత్తుకు చేరలేదు. లోపల పల్చటి కవర్లో ఆరు నెగెటివ్ ముక్కలు ఉన్నాయి. 36 ఫొటోల రీలు అది. 22వ నంబరు దగ్గర ఓడ కమ్మీ, మనిషి కనిపించారు. స్కాన్ చేసి తెర మీద పెద్దది చేశాను. వెనక సముద్రం నీలంగానే ఉంది. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంది.