పైకప్పు లేని చర్చి, అందులో పార్కు

‘సిటీ’ అంటే లండన్ మొత్తం కాదు, దాని నడిబొడ్డున ఉన్న పాత వ్యాపార ప్రాంతం. అక్కడ ఆఫీసు బిల్డింగుల మధ్య, థేమ్స్ నదికి కూతవేటు దూరంలో ఒక చిన్న పార్కుంది. పేరు సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్. కోసుదేరిన రాతి కిటికీల్లో అద్దాలకు బదులు తీగలు. జనం ప్రార్థనకు కూర్చున్న చోట ఇప్పుడు బెంచీలు, నేలబారు ఫౌంటెన్.

‘బాంబులు పడ్డాయి, పార్కు చేశారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఆ రెంటి మధ్య ముప్పయ్యేళ్లున్నాయి.

చర్చి 1100 ప్రాంతం నాటిది. 1666లో లండన్‌ను తగలబెట్టిన అగ్నిప్రమాదంలో కాలితే అతుకులేసి నెట్టుకొచ్చారు. 1695–1701 మధ్య వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ దానికి సన్నటి గోపురం కట్టించాడు. పైకప్పు బరువుకు గోడలు ఒరిగిపోతున్నాయని 1817లో గోపురం తప్ప తక్కినదంతా మళ్లీ మొదలుపెట్టారు. ఆ పని చేయించిన వాస్తుశిల్పి డేవిడ్ లేయింగ్‌కు మాత్రం అదృష్టం కలిసిరాలేదు. దగ్గర్లోనే ఆయన కట్టించిన కస్టమ్స్ హౌస్ 1825లో పునాదులు కుంగి, ఆయన పేరునూ ముంచింది. చర్చి నిలబడింది, 1941లో జర్మన్ బాంబులు పడేదాకా. గోపురం, ఉత్తర దక్షిణ గోడలు మిగిలాయి.

మళ్లీ ఎందుకు కట్టలేదు? కడితే వచ్చేదెవరు? 1851లో సిటీలో లక్షకు పైగా కాపురముండేవారు. 1951 నాటికి ఐదు వేల చిల్లర. పగలు కిటకిట, రాత్రి ఖాళీ. దాంతో ఈ పారిష్‌ను, అంటే ఈ చర్చి కింద ఉండే పేటను, పక్కనున్న ఆల్ హాలోస్ చర్చిలో కలిపేశారు.

శిథిలాలను అలాగే ఉంచాలన్న ఆలోచన యుద్ధం ముగియకముందే వచ్చింది. 1944 ఆగస్టులో టైమ్స్ పత్రికకు కొందరు ప్రముఖులు లేఖ రాశారు. ఊరంతా కొత్తగా లేచాక బాంబుల ఆనవాలే ఉండదు, కొన్ని చర్చిలనైనా స్మారకాలుగా వదలండి అని. సంతకం చేసినవారిలో ఆర్థికవేత్త కీన్స్‌తో పాటు లండన్‌లోని ‘క్యూ’ వృక్షశాస్త్ర ఉద్యానవనం డైరెక్టర్ సాలిస్బరీ కూడా ఉన్నాడు. బాంబు గుంతల్లో ఏమేం మొక్కలు మొలుస్తున్నాయో లెక్క రాసుకున్న మనిషి ఆయన. శిథిలాల్లో తోట ఆయనకు వింతగా తోచి ఉండదు.

డన్‌స్టన్ 1950లో రక్షిత కట్టడమైంది. తోట చేయాలని సిటీ కార్పొరేషన్ నిర్ణయించింది 1967లో. తెరిచేసరికి 1970 దాటింది.

ఇప్పటికీ మట్టల ఆదివారం వంటి రోజుల్లో ఆ గోడల మధ్య, ఆకాశం కింద ప్రార్థన జరుగుతుంది. అయ్యాక అందరూ ఊరేగింపుగా ఆల్ హాలోస్‌కు నడిచి వెళ్తారు.